జానెడు ఎక్కువ ఎత్తులో కట్టిన నెట్టు

మా చిన్నప్పుడు... రేపల్లెలో బడి గంట కొట్టగానే మేం ఇంటికి పరిగెత్తేవాళ్ళం కాదు, రైసుమిల్లు పక్క గ్రౌండుకి పరిగెత్తేవాళ్ళం. మగపిల్లలు వాలీబాల్‌కి వచ్చేలోపు మాకు అరగంట దొరికేది. వాళ్ళు రాగానే బంతి చంకన పెట్టుకుని తప్పుకోవాలి.

ఆ గ్రౌండు పెత్తనం మా పెదనాన్నది. మగపిల్లల క్లబ్బుకి ఆయనే ప్రెసిడెంటు. ఆడుకుంటామని అడిగిన రోజున కండువా దులుపుకుంటూ, "ఆడుకుంటే ఆడుకోండి గానీ నెట్టు జోలికి పోమాకండి. కట్టింది కట్టినట్టే ఉండాలి" అన్నారు. ఆ నెట్టేమో ఇనపతీగతో గుంజలకి బిగించి, మేకులు కొట్టి ఉండేది. మేం ఎగిరినా దాని పైపట్టీకి చెయ్యి అందేది కాదు.

మొదట్లో నలుగురం. నేను, టైలర్ బాషా గారమ్మాయి షమీమ్, మా వీధి పిల్లలు ఇద్దరు. తర్వాత చెరుకుపల్లి నుంచి బస్సులో బడికొచ్చే అమ్మాయి ఒకతి చేరింది. ఆ తర్వాత నిజాంపట్నం మంగ... ఇంట్లో చేపల గంపలు మోసీ మోసీ దాని చేతులు ఎంత గట్టిపడ్డాయంటే, అది సర్వీసు కొడితే మేం పక్కకి తప్పుకునేవాళ్ళం! దాంతో ఆరుగురం అయ్యాం. జట్టయ్యాం.

మాలో మాకో పంతం ఉండేది. పైపట్టీ ముట్టుకోనిదే ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఎగిరి ఎగిరి మోకాళ్ళు చీరుకుపోయేవి. ఓ రోజు మంగ ముట్టుకుంది. వారం తిరక్కుండా షమీమ్ ముట్టుకుంది. నాకు ఏడాది పట్టింది. ఆ రోజు ఇంటికెళ్ళి చద్దన్నం తింటూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా అమ్మ నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

అరగంటతో ఆటేం వస్తుంది చెప్పండి? పదో తరగతిలో ధైర్యం చేసి పెదనాన్నని అడిగాం... సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా గ్రౌండు మాకివ్వమని. ఆయనింటి అరుగు మీదున్న నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు, షరతు పెట్టారు.

"బాపట్లలో పోటీలున్నాయంటగా. ఒక్క మ్యాచ్ గెలిచి రండి, ఆ గంట మీదే. ఓడితే ఆ అరగంట కూడా వద్దు. బుద్ధిగా చదువుకోండి."

నా ఒళ్ళు మండిపోయింది. "సరే పెదనాన్నా, మాట మీద ఉండాలి మరి" అనేశాను. ఇంట్లో ఆ మాటకి తిట్లు తిన్నాననుకోండి!

మా వెంట వెళ్ళడానికి పెద్దవాళ్ళెవరూ రామంటే బాషా బాబాయే కొట్టు మూసి బయల్దేరారు. మిగిలిన గుడ్డముక్కలతో మాకు ఆరు చొక్కాలు కుట్టారు. అన్నీ నీలమే, కాకపోతే ఆరు రకాల నీలం. రేపల్లెలో పాసింజరెక్కి, తెనాలిలో బండి మారి బాపట్లలో దిగాం.

మొదటి మ్యాచ్ తెనాలి జట్టుతో. వాళ్ళ కాళ్ళకి బూట్లు, మావి వట్టి కాళ్ళు. అది కాదు నాకు కోపం తెప్పించింది. నెట్టు! జానెడు కిందికి కట్టి ఉంది. నేరుగా రిఫరీ దగ్గరికెళ్ళాను.

"ఏంటి సార్, మేం మరీ చిన్నపిల్లల్లా కనిపిస్తున్నామా? నెట్టు సరిగ్గా పైకి కట్టించండి!"

ఆయన విచిత్రంగా చూశారు. "ఆడపిల్లల నెట్టు ఇంతే ఎత్తమ్మా. మీరు ఇన్నాళ్ళూ దేని మీద ఆడారు?"

మేం ఆరుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళూ మగవాళ్ళ నెట్టు మీద ఎగిరామన్నమాట... ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు.

ఇక మాదే గెలుపనుకున్నారా? మొదటి సెట్టు చిత్తుగా ఓడిపోయాం. పాత అలవాటుకి మేం కొట్టిన బంతల్లా గీత దాటి అవతల పడింది. షమీమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాషా బాబాయి మెడలో టేపుతోనే వచ్చారు పాపం, గీత పక్కన నిలబడి ఒకటే అరుపు.

"కొలత మారిందమ్మా! పాత కొలతకి కుట్టమాకండి! కిందికి చూసి కొట్టండి!"

మంగ కిందికి చూసి కొట్టింది. బంతి అవతలివాళ్ళ కాళ్ళ దగ్గర దబ్బున పడింది. ఆ తర్వాత రెండు సెట్లూ మావే. తర్వాతి మ్యాచ్ ఓడిపోయాం, నిజమే... అయినా షరతు ఒక్క మ్యాచే కదా!

ఊరికి రాగానే అరుగు దగ్గరికే వెళ్ళాను.

"గెలిచాం పెదనాన్నా. ఆడపిల్లల నెట్టు జానెడు తక్కువంట. నీకు తెలుసా?"

ఆయన కండువా సర్దుకున్నారు. "తెలుసులేమ్మా. అందకపోతే నాలుగు రోజులాడి మానేస్తారనుకున్నా."

ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే. మాట మాత్రం నిలబెట్టుకున్నారు. మర్నాడు సాయంత్రం అయిదింటికి ఆ ఇనపతీగ మేమే కోసి, నెట్టు మా ఎత్తుకి దించాం.

ఇప్పుడా క్లబ్బు నేనే నడుపుతున్నాను. కొల్లిపర నుంచి కూడా పిల్లలొస్తున్నారు. అందరికీ బూట్లున్నాయి, ఒకే నీలం చొక్కాలున్నాయి. మా ఆరు రకాల నీలం మళ్ళీ ఎక్కడ చూస్తాను... మొన్న ఓ పెద్దమనిషి వచ్చి, "ఆ గంట మా కుర్రాళ్ళ క్రికెట్‌కి ఇవ్వకూడదామ్మా?" అన్నాడు. ఇవ్వనండి అన్నాను. అంతే.

గుంజలకి ఆ పాత మేకులు అలాగే ఉంచాను. కొత్తగా వచ్చిన పిల్ల "అదేంటక్కా, అంత పైన?" అంటే ఎగిరి ముట్టుకోమంటాను. చెయ్యి అందిన తర్వాత చెబుతాను, అది ఎవరి ఎత్తో.

మీకూ ఎవరో ఒకరు ఎక్కడో ఓ చోట జానెడు పైకి కట్టే ఉంటారు... మీరెలా ముట్టుకున్నారో కింద రాయండి. మా పిల్లలకి చదివి వినిపిస్తాను.