అక్క మచ్చ కోసం తీసిన గాటు

నన్నన్న మాటను నేను మరిచిపోను. పలాస డయాలసిస్ సెంటరు వరండాలో, పదిమంది ముందు, ఆసుపత్రి సామాన్ల డీలరు అన్నాడు: "ల్యాబు రిపోర్టు లేనిదాన్ని కనిపెట్టడం అనరు మావా. సిప్ప గీకడం అంటారు."

గీకింది కొబ్బరి చిప్పనే. డయాలసిస్ అయి సూదులు తీశాక, రక్తం ఆగేదాకా ఆ చోటును వేలితో నొక్కి పట్టాలి. మా అక్కకు అంత ఓపిక ఉండేది కాదు. చిప్ప ముక్కను నున్నగా అరగదీసి, పట్టీ తగిలించి క్లిప్పు చేశాను. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు, చేసిచ్చాను. డాక్టర్లకు చూపిస్తానని డీలరు అడిగితే, అక్క వాడేసి పక్కన పెట్టిన పాత క్లిప్పు ఇచ్చాను. దాన్నే ప్లాస్టిక్‌లో పోత పోయించి, తన పేరున పేటెంటుకు పెట్టాడు.

నేను పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేశాను. "అతని దగ్గర ల్యాబు పరీక్ష ఉంది, వదిలేయండి" అన్నాడు టెక్కలి వకీలు. ఆ వకీలునే వదిలేశాను. రిపోర్టు కాపీ తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. రబ్బరు చెయ్యి, ఎర్ర నీళ్లు, ఒత్తిడి కొలతలు. క్లిప్పు అంచున ఉన్న గాటు వల్లే ఒత్తిడి సమంగా పడుతోందట. కొత్తదనమంతా ఆ గాటులోనే ఉందట.

అక్కడ దొరికాడు.

అక్క జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టిన మనిషి. జీడి నూనె తగిలి, ఇప్పుడు సూది గుచ్చే చోటు పక్కనే అప్పట్లో పొక్కి, మచ్చ కట్టింది. దానికి చిప్ప ఆనితే ఓర్చుకోలేదు. అందుకని ఆమె క్లిప్పుకు మాత్రం గాటు తీశాను. మరెవరి క్లిప్పుకూ అది లేదు.

విచారణ వీడియో కాల్‌లో జరిగింది. గాటు ఎందుకు పెట్టారని అధికారి అడిగితే డీలరు రిపోర్టులో పేజీ తీసి చదివాడు. నేను అక్కను కెమెరా ముందుకు జరిపాను. ఆమె చెయ్యి చాపి డీలరు పోత పోయించిన ప్లాస్టిక్ క్లిప్పు పెట్టుకుంది. మచ్చ గాటులో సరిగ్గా ఒదిగింది.

"ఏటి బాబూ," అంది డీలరుతో, "నీ మిసను నా మచ్చని కూడా కొలిసిందేటి?"

అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇది పనిచేస్తుందని ల్యాబు చెప్పగలదు గానీ ఎవరి బుర్రలో పుట్టిందో చెప్పలేదని నేనన్నాను. అధికారి రాసుకున్నారు.

అతని దరఖాస్తు కొట్టేశారు. ముందునుంచీ జనం వాడుతున్న వస్తువు కాబట్టి నాకూ పేటెంటు రాదన్నారు. రాకపోతే పోయింది, అతనికి రాలేదు.

ఇప్పటికీ సామాన్లు దింపడానికి అతను అదే వరండాకు వస్తాడు. అక్కను తీసుకుని నేనూ అక్కడే ఉంటాను.

"ఏటి మావా, ఈసారి ఎవలి సిప్ప?" అని పదిమందికీ వినబడేలా అడుగుతాను. మొదట్లో అందరూ నవ్వేవారు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. నేను అడగడం ఆపలేదు.