గోనెసంచిలో షాఫ్టు

మొన్న కొత్తవలసలో రోడ్డు పక్క షెడ్డులో ఎవరో పాత జీపు ముందు చక్రం విప్పుతున్నారు. నల్లబడ్డ గ్రీజు వాసన, తడిమట్టి వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నడక ఆపి నిలబడిపోయాను. అప్పలస్వామి గుర్తొచ్చాడు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

అరవైల చివర్లో నేను సాలూరు వైపు రోడ్ల పనికి కొత్తగా వచ్చిన ఓవర్సీరుని. చదువు తలకెక్కిన వయసు. అప్పలస్వామి మా జీపు డ్రైవరు, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. జీపు ఎక్కువగా తారురోడ్డు మీదే తిరుగుతోందనీ, ముందు చక్రాలకు ఇంజను బలం అందించే పొడవాటి షాఫ్టు అక్కడ ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతోందనీ చెప్పి, దాన్ని విప్పేయమన్నాను. వెనక చక్రాల బలం చాలన్నాను. కొండవాగుల సంగతి ఆయన నెమ్మదిగా ఎత్తాడు. నేను పుస్తకంలో బొమ్మ చూపించాను. ఆయన ఆ బొమ్మను శ్రద్ధగా చూసి, వెళ్లి విప్పేశాడు.

తొలకరి వానల్లో కొండ మీద పని చూసి దిగుతుంటే ఒక ఊళ్లో జనం జీపు ఆపారు. ఒకామె రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతోంది. ఆమెనూ, ఆమె అత్తనూ ఎక్కించుకుని సాలూరు ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో వాగు పొద్దున సులువుగా దాటిందే; ఇప్పుడు దాని మధ్యలో వెనక చక్రాలు ఇసుకలో దిగబడి ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. ఆమె మూలుగు సన్నగిల్లుతోంది, నీళ్లు పెరుగుతున్నాయి. అప్పలస్వామి దిగి, వెనక సీటు కింద నుంచి ఒక గోనెసంచి లాగాడు. అందులో ఆ షాఫ్టు, గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, భద్రంగా ఉంది.

“తీసీమన్నారు, తీసీసినాను. పారీమని సెప్పనేదు కదా బాబూ,” అన్నాడు.

ఇద్దరం జీపు కింద చెవుల దాకా నీళ్లలో వెల్లకిలా పడుకున్నాం. నేను షాఫ్టు ఎత్తి పట్టుకుంటే ఆయన తడుముకుంటూ బోల్టులు బిగించాడు. ముందు చక్రాల గేరు వేయగానే జీపు ఒక్కసారి వణికి, నేల పట్టుకుని ఒడ్డెక్కింది. తల్లీ బిడ్డా దక్కారు.

వారం తిరక్కుండా సంగతి పై ఆఫీసరు చెవిన పడింది. మా ఇద్దర్నీ నిలబెట్టి, షాఫ్టు ఎవరు తీశారని అడిగాడు. “నానేనండి,” అన్నాడు అప్పలస్వామి. అబద్ధమేమీ కాదు. తీయించింది నేనని చెప్పడానికి నోరు తెరిచాను; కొత్త ఉద్యోగం గుర్తొచ్చి మూసుకున్నాను. ఆయన్ని జీపు మీంచి తీసి రోడ్డు రోలరు మీద వేశారు.

కొన్నాళ్లకు బొబ్బిలి రోడ్డులో రోలరు మీద కనబడితే క్షమించమన్నాను. “దీనికి ముందు షాఫ్టు గొడవ నేదు బాబూ, ఎండొక్కటే,” అని నవ్వాడు. ఆ నవ్వులో నా మీద కోపం వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఉద్యోగమంతా, ఏ పని చెడినా ఎవరు చేశారని పైవాళ్లు అడిగితే, కిందివాడు నోరు తెరిచేలోపే ‘నేనే’ అనేవాణ్ణి. నలుగురూ నన్ను మంచి ఆఫీసరన్నారు. ఆ ‘నేనే’ అన్న మాట నాది కాదు, అప్పలస్వామిది. ఆయన కోసం అనవలసిన ఆ ఒక్క రోజు మాత్రం నేను అనలేదు.