ఒకవేళ మామయ్య

మా మామయ్య నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట "ఒకవేళ". ఆయన అసలు పేరు ఇంట్లో సగంమందికి గుర్తులేదు. పిల్లలకూ పెద్దలకూ ఆయన ఒకవేళ మామయ్యే.

మబ్బు పడితే రెండు గొడుగులు తీసుకెళ్తాడు, "ఒకవేళ ఒకటి తెరుచుకోకపోతే?" అని. సినిమాకు వెళ్తే తలుపు పక్క సీటే కావాలి. పెళ్ళికి ముందు అత్తయ్యను అడిగిన మొదటి ప్రశ్న, "ఒకవేళ నేను నీకు నచ్చకపోతే?" అట. "ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను" అంటుంది అత్తయ్య, మనవలు పుట్టాక కూడా.

ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. "ఒకవేళ మధ్యలో కరెంటు పోతే? ఒకవేళ లోపలున్న ముసలమ్మకు గంట ఎక్కడుందో తెలియకపోతే?" అని పదిమందినీ విసిగించి, అన్నిటికీ జవాబు దొరికాకే లిఫ్టు కదలనిచ్చేవాడు. తను మాత్రం నడుముకు బెల్టు కట్టుకుని లిఫ్టు దిగే చీకటి గోతిలో వేలాడుతూ హాయిగా కూనిరాగాలు తీసేవాడు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. మాట మాత్రం నిలిచింది. అందులో "ఒకవేళ" భేషుగ్గా నిలిచింది.

ఆసుపత్రిలో నడక నేర్పే గదికి నేనూ అత్తయ్యా ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ ట్రెడ్‌మిల్ మీద ఒక ఇనుప చట్రం ఉంది. దానికి వేలాడే పట్టీలు ఛాతీకీ తొడలకీ కట్టి, ఒంటి బరువు కొంత పైనే ఆపి, బెల్టును నత్తనడకన తిప్పుతారు. ఫిజియోథెరపీ అమ్మాయి పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, ఈడ్చుకుపోయే కాలును చేత్తో ఎత్తి ముందుకు పెడుతుంది.

"ఒకవేళ ఈ తాడు తెగితే?" అన్నాడు మామయ్య, ఎక్కీ ఎక్కకముందే.

"రెండు తాళ్ళున్నాయి సార్. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది."

"ఒకవేళ కరెంటు పోతే?"

"బెల్టు ఆగిపోతుంది. మీరు నిలబడే ఉంటారు. ఈ ఎర్ర బొత్తాం నొక్కినా అంతే."

"ఒకవేళ నా కాలు తట్టుకున్నప్పుడే నీకు తుమ్మొస్తే?"

"తుమ్ముతూనే పట్టుకుంటాను సార్. నడవండి."

అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు ఆయన మళ్ళీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగాడు. నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే డాక్టరు ముందే చెప్పాడు, "అడిగిందే అడుగుతుంటే నాకు చెప్పండి, జ్ఞాపకశక్తి దెబ్బతిని ఉండొచ్చు" అని.

మూడో రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. కాలు కొంచెం కొంచెం లేస్తోంది, నాకేమో ఆ సంతోషమే లేదు. ఆయన నోట "ఒకవేళ" వస్తే చాలు, అది నిన్నటిదేనా అని లెక్క చూసుకోవడమే నా పని. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది, "కాలు రాకపోతే నేను పట్టుకుని నడిపిస్తానే. మనిషే మనల్ని మరిచిపోతే దేన్ని పట్టుకోను?"

మా తర్వాత వంతు ఒక టైలర్‌ది. పక్షవాతం ఆయన కుడిచేతినీ కాలినీ మాటనూ కూడా తీసుకుపోయింది. రోజూ బెంచీ మీద కూర్చుని చూసేవాడు. తన వంతు రాగానే బెంచీ అంచు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. వాళ్ళావిడ ఎక్కమని బతిమాలి బతిమాలి, కుదరక ఇంటికి తీసుకుపోయేది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు బయట వరండాలో కుర్చీ ఆపేశాను.

"మామయ్యా, తాడు తెగితే ఏమవుతుందని చెప్పిందా అమ్మాయి?"

"రెండోది పట్టుకుంటుంది. కరెంటు పోతే బెల్టు ఆగుతుంది. తుమ్ముతూనే పట్టుకుంటుంది. ఎర్ర బొత్తాం నొక్కితే అన్నీ ఆగుతాయి." గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"అన్నీ గుర్తున్నాయా! మరి రోజూ ఎందుకడిగి మా ప్రాణాలు తోడేస్తున్నావు?"

మామయ్య గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ టైలర్ తాడు వంక ఎలా చూస్తాడో చూశావా? అడగాలనుంది, నోరు రాదు. నాకు కావలసినంత నోరుంది. ఆయన ప్రశ్నలు కూడా నేనే అడిగితే పోలా?"

"ఆయనకే నేరుగా చెప్పొచ్చుగా?"

"చెబితే ఆయన్ను పిరికివాడన్నట్టుంటుంది. పిరికివాణ్ణి నేనైతే ఎవరికీ నష్టం లేదు." కుర్చీ చక్రం మీద చెయ్యి వేసి, "మొదటిరోజు అడిగింది మాత్రం నా కోసమే" అన్నాడు.

అత్తయ్య కోపంగా ఏదో అనబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది.

ఆ వారంలోనే ఒకరోజు మామయ్య ప్రశ్నలన్నీ అయ్యాక టైలర్ బెంచీ వదిలి, వాళ్ళావిడ భుజం పట్టుకుని లేచాడు. పట్టీలు కట్టించుకున్నాడు. బెల్టు కదిలింది, ఆయన కాలూ కదిలింది. నాలుగడుగులు వేశాక ఎడమచేత్తో ఆ పొట్టి స్టూలు వైపు చూపించాడు.

"ఒకవేళ ఆ స్టూలు విరిగితే అంటున్నాడమ్మా" అన్నాడు మామయ్య వెంటనే.

"ఆయనా, మీరా?" అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

టైలర్ తల అడ్డంగా ఊపి మామయ్య వైపు వేలు చూపించాడు. సగం మూతితోనే నవ్వాడు గానీ నిండుగా నవ్వాడు.

ఆరోజు మామయ్య ఒక చేత్తో కర్రా ఇంకో చేత్తో అత్తయ్య భుజమూ పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. వెనకాల ఖాళీ కుర్చీ తోసుకుంటూ నేను.

"ఇదిగో, ఆలోచించడం అయిపోయింది. నచ్చారు" అంది అత్తయ్య, ఆయన వంక చూడకుండానే.

మామయ్య ఠక్కున ఆగిపోయాడు.

"ఒకవేళ రేపు మనసు మార్చుకుంటే?"