నాలుగో ఫారం

బైండింగు షాపులో ఆమెను అందరూ నాలుగో ఫారం అనే పిలుస్తారు. అచ్చయి వచ్చిన నవలను పదహారేసి పేజీల ఫారాలుగా తలా ఒకటి పంచుకుని మడుస్తారు. ఆమె వంతుకు ఎప్పుడూ నాలుగోదే. ఏ రచయితైనా అక్కడికి వచ్చేసరికి ఆడదాన్ని ఏడిపించి తీరతాడు. అందుకే ఆమెకు తెలిసిన కథానాయికలంతా దెబ్బలు తింటూనో పస్తులుంటూనో ఉంటారు. అరిగిపోయిన బొటనవేలి గోరుతో మడత మీద గీస్తూ, ఆఖరి ఫారం మడిచే పక్కబల్ల ఆవిడను అడుగుతుంది: “చివరికి ఏమైంది వదినా?” “బాగుపడిందిలే,” అంటుంది ఆవిడ తలెత్తకుండా.

నిన్న ఆ వదిన రాలేదు. ఆఖరి ఫారం ఈమె ముందుకొచ్చింది. అందులో కథానాయిక మొగుడి మొహాన తాళంచెవులు విసిరికొట్టి వానలోకి నడిచింది. ‘నేనెవరో నాకిప్పుడు తెలిసింది’ అనుకుంది. ఆ తర్వాత అన్నీ తెల్ల పేజీలే. ఈమె వాటిని కూడా తిప్పి చూసింది.

“ఇంతేనా? మర్నాడు ఏం తిన్నదట?”

“కథలో అవన్నీ ఎందుకు రాస్తారే?” అంది జిగురు పూసే ముసలమ్మ.

“నేనూ అలాగే వచ్చాగా అత్తా, వానలోనే. మర్నాడు ఇక్కడ తేలాను.”

“నాలుగో ఫారం! చేతులాగాయేం?” యజమాని కేకేశాడు.

“ఆ, అయిపోతోందండీ,” అంది ఆమె, పిలిచింది తననేనా అని క్షణమైనా తడుముకోకుండా. కథానాయికను సరిగ్గా నడిమికి మడిచి, గోరుతో గట్టిగా గీసింది.