సంతకం పెట్టిన నాయిన

శామీర్‌పేటలో బస్సెక్కి ఒక మనిషి పక్కన కూర్చున్నాను. అతని పదేళ్ల కూతురు, కట్టుకట్టిన కాలు అతని ఒళ్లో పెట్టి, కళ్లు మూసుకుని ఉంది.

“కాలు ఇరిగింది. డాక్టర్ రెండు దార్లు జెప్పిండు సార్. ఆపరేషన్, లేకుంటె మూడు నెలలు కట్టు. నేను ఆపరేషనుకే సంతకం జేసిన,” అన్నాడు, గొర్రెను బేరమాడి వచ్చినంత గర్వంగా.

“పాపను అడిగారా?”

“దానికేం తెలుస్తది? ఎక్స్‌రే అని జెప్పి తీస్కపోతున్న. డాక్టర్ గూడ దాన్ని అడగలే.”

పాప కళ్లు తెరిచింది. “నేను నిద్రపోలే నాయినా. నాకు కట్టే గావాలె.”

“సూశిన్రా, డాక్టరమ్మ లేశింది,” అని నవ్వాడు. చీదరేసింది. అయినా మర్యాదకు నేనూ నవ్వాను. పాప నన్నొకసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. అప్పుడు అతని కంటే నా మీదే ఎక్కువ అసహ్యం కలిగింది.

ఇది జరిగి చాన్నాళ్లయింది. మొన్న మా అబ్బాయి పన్ను తీయాలని డాక్టరు నాతో చెబుతుంటే, “వాడితో చెప్పండి,” అన్నాను.