సేనన్ టాల్టీ బాణీల వంశావళి

సేనన్ టాల్టీ ఏ బాణీ వాయించబోయినా, అది తనకు ఎవరిచ్చారో ముందు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆయన ఫిడేలు మీద కమాను కదలదు. బాణీ మూడు నిమిషాలు, చెప్పడం ఎనిమిది నిమిషాలు.

"ఇది నాకు పోస్టుమాన్ మికో హోగన్ ఇచ్చాడు. మికోకి వాళ్ళ అత్త ఇచ్చింది. ఆవిడ కుడికాలు కొంచెం ఈడ్చేది గానీ బంగారంలాంటి మనిషి. ఆవిడకి కిల్‌రష్ సంతలో పందులమ్మే ఒకాయన ఇచ్చాడు. ఆ పందుల గురించి మాత్రం నన్నడక్కండి."

బాణీ ఎక్కడిదో చెప్పడం ఐర్లండ్‌లోని ఈ క్లేర్ ప్రాంతపు వాద్యగాళ్ళందరికీ ఉన్న మర్యాదే. మిగతావాళ్ళు ఒక్క పేరుతో సరిపెడతారు. ఆదివారం మధ్యాహ్నం మారినన్ పబ్బులో సేనన్ నోరు తెరవగానే ఫ్లూటాయన ఫ్లూటు పక్కన పెట్టి హామ్ శాండ్‌విచ్ తెప్పించుకునేవాడు. అది పూర్తిచేసి, టీ తాగి, మూతి తుడుచుకునేసరికి సేనన్ ఇంకా పందుల దగ్గరే ఉండేవాడు.

ఒక పెళ్ళిలో జంటలన్నీ చేతులెత్తి నాట్యానికి సిద్ధంగా నిలబడ్డాయి. ఈయన వంశావళి అయ్యేసరికి పెళ్ళికూతురి చెయ్యి తిమ్మిరెక్కి, మొదటి చుట్టులోనే పెళ్ళికొడుకు చెంప మీద పడింది. ఒక అంత్యక్రియల్లో ఫాదర్ కాన్సిడిన్ శవపేటిక పక్కన నిలబడి బతిమాలుకున్నాడు.

"సేనన్, క్రీస్తు వంశావళి చదవడానికి కూడా నాకింతసేపు పట్టదయ్యా!"

"ఆయన వంశం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు ఫాదర్. మికో గురించి చెప్పేదెవరు?"

ఇవన్నీ ఊరివాళ్ళకు నవ్వులాట. డెర్వ్లాకు మాత్రం సిగ్గు. సేనన్ ఆమె మేనమామ. ఆరేళ్ళప్పుడు ఆమె వేళ్ళలో కమాను పెట్టింది ఆయనే. తర్వాత ఆమె డబ్లిన్ వెళ్ళి శాస్త్రీయ సంగీతం చదివింది. అక్కడే జాజ్ పియానో వాయించే కోర్మాక్ పరిచయమయ్యాడు. క్లేర్ బాణీకి అతను జాజ్ స్వరాలు కలిపేవాడు, ఆమె శాస్త్రీయంగా సాగదీసేది. వాళ్ళ రికార్డింగు మొదటిసారి విన్నప్పుడు సేనన్ చాలాసేపు ఆలోచించి, "ఒకే ఇంటికి ముగ్గురు చుట్టాలు ఒకేసారి దిగినట్టుంది. కుర్చీలు సరిపోతే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

అలాంటి మనిషి గురించి కోర్మాక్ పబ్బులో చెవి దగ్గర వంగి, "ఈయన మీకేమవుతాడు?" అనడిగితే డెర్వ్లా ఏమందో తెలుసా? "దూరపు బంధువు" అంది. అనగానే చెవులు వేడెక్కాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంతలో ఎన్నిస్ పట్టణంలో కచేరీ కుదిరింది. అది బాగా జరిగితే ఏడాది పొడుగునా దేశమంతా కచేరీలు. వాళ్ళిద్దరి ముఖ్యమైన బాణీ సేనన్ నేర్పిందే. దాంట్లో ప్రతి వరుస చివరా ఒక తాళం దెబ్బ అర క్షణం ఆలస్యంగా పడుతుంది. "ఇది పుట్టుకతోనే జాజ్!" అని కోర్మాక్ మురిసిపోయేవాడు. సేనన్ లెక్కప్రకారం అది నోనీ కిలీన్ అనే ఆవిడ ఇచ్చింది.

ఎన్నిస్ శ్రోతలు కార్యక్రమ పత్రం చేతికందగానే, ఏ బాణీ ఎవరిదో చదివి, తప్పుంటే పట్టేస్తారు. అందుకని డెర్వ్లా సరిచూసుకోవడానికి నోనీ తమ్ముడు పీడర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన గేటుకు రంగు వేస్తున్నాడు.

"మా నోనీ బాణీ నేర్పిందా? అమ్మాయ్, మా అక్కది పుట్టుచెవుడు! పోయేదాకా ఒక్క స్వరం విన్న పాపాన పోలేదు!"

ఆయన నవ్వుకు గేటు ఊగింది. డెర్వ్లాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంటే ఆ అత్తలూ పందులూ అన్నీ మామయ్య కల్పనేనా? ఎన్నిస్‌లో ఆయన లేచి నిలబడి అంతమంది ముందు నోనీ పేరు ఎత్తితే? పత్రంలో ఆమె నోనీ పేరు తీసేసి 'సంప్రదాయ బాణీ' అని వేయించింది. మామయ్యకు ఫోన్ చేసి, "టికెట్లన్నీ అయిపోయాయి మామయ్యా, సారీ" అంది.

"మంచిదే కదమ్మా! నిలబడి వింటాలే" అన్నాడాయన.

కచేరీ రోజు మధ్యాహ్నం, రెండు గంటల ముందే, చావులకు వేసుకునే నల్లకోటు వేసుకుని హాలు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. డెర్వ్లా పరుగెత్తుకొచ్చేసరికి టికెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయి హుషారుగా చెబుతోంది.

"నిలబడ్డమెందుకండీ? ఇంకా అరవై సీట్లు ఖాళీ. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోండి!"

సేనన్ మేనకోడలి ముఖం ఒక్కసారి చూశాడు. వెంటనే ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"పాపం మా డెర్వ్లాకి ఎవరో తప్పు చెప్పారమ్మా. ఈ రోజుల్లో ఎవరి మాటా నమ్మడానికి లేదు."

తిట్టి ఉంటే బాగుండేది. డెర్వ్లా ఆయన్ని పక్కగదిలోకి లాక్కెళ్ళింది. సిగ్గు పట్టలేనప్పుడు మనిషికి కోపమే వస్తుంది.

"మామయ్యా, నోనీది పుట్టుచెవుడట! నాకెందుకు అబద్ధం చెప్పావ్?"

"చెవుడే. అయితే?"

"చెవిటావిడ బాణీ ఎలా ఇస్తుంది?"

"నేను వాయిస్తుంటే బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చునేదే. చెక్కలోంచి వచ్చే అదురుకు తాళం వేసేది. వరుస చివర ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా పడేదే ఆ చెయ్యి. పబ్బులో అందరూ నవ్వేవారు. నాకేమో ఆ దెబ్బే బావుండేది. దాని చుట్టూ బాణీ కట్టాను. అప్పుడది నోనీదా, నాదా?"

తలుపు దగ్గర కోర్మాక్ నిలబడి ఉన్నాడు. "దాన్ని నేను జాజ్ అనుకున్నానండీ."

"అదేమిటో నాకు తెలీదు నాయనా. నాకు తెలిసింది నోనీ చెయ్యి."

డెర్వ్లా అడిగింది. "మరి పోస్టుమాన్ మికో?"

"ఈల వేసేవాడు. ఒక్క స్వరం కూడా సరిగ్గా పడేది కాదు. అందులోంచి బాణీ లాగడానికి నాకు మూడు నెలలు పట్టింది." సేనన్ కోటు గుండీ తడుముకున్నాడు. "వీళ్ళెవరికీ పిల్లల్లేరే. ఎవరూ పేరు తలవరు. ఫిడేలు వింటానికి నోరు మూసుకుని కూర్చుంటారుగా జనం, అప్పుడు చెప్పేస్తాను. కూర్చున్నవాళ్ళు ఎక్కడికి పోతారు?"

కచేరీలో ఆ బాణీ వంతు వచ్చింది. డెర్వ్లా ఫిడేలు ఎత్తి, దించేసింది. ముందు వరుసలో కచేరీలు ఇప్పించే పెద్దలు కూర్చున్నారు.

"మీ చేతిలోని పత్రంలో తప్పుంది. ఈ బాణీ మాకు నోనీ కిలీన్ ఇచ్చింది. ఆవిడకు పుట్టుచెవుడు." హాలంతా ఆమె వైపు చూసింది. బల్ల గురించి చెప్పింది. ఆలస్యంగా పడే చెయ్యి గురించి చెప్పింది. "ఆవిడ దగ్గర తీసుకుని దీన్ని కట్టినాయన సేనన్ టాల్టీ. మా అమ్మకు సొంత అన్న. ఆయన ఇక్కడికి రాకూడదని టికెట్లు లేవని అబద్ధం చెప్పింది నేనే, ఇంకెవరో కాదు." ముఖం మండుతోంది, అయినా ఆగలేదు. మికో గురించీ చెప్పింది. మికో అత్త గురించి మొదలుపెట్టింది.

మూడో వరుసలో నల్లకోటు లేచి నిలబడింది.

"అమ్మాయ్, అవతల జనం ఇళ్ళకు పోయి ఆవుల పాలు పితుక్కోవాలి. మరీ అంత సోది అయితే ఎట్లాగే? వాయించు!"