రేపల్లెలో అక్క లాడ్జి

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉంటే, ఎవరో ప్లాట్‌ఫారం మీద ఫినాయిల్ నీళ్లు చల్లి కడిగారు. పక్కావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకుంది. నేను లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా పెద్దక్క లాడ్జి అంతా ఇదే వాసన.

రేపల్లె బస్టాండుకి దగ్గర్లో, కింద కొట్లు, మేడ మీద ఎనిమిది గదులు. బావ పోయాక అక్క దాన్ని అమ్మకుండా తనే నడిపింది. బాపట్లలో నేను పనిచేసే ప్రైవేటు కాలేజీ మూతపడితే, నన్నూ పిలిచి కౌంటర్లో కూర్చోబెట్టింది. కౌంటర్ నాదే అయినా పెత్తనం ఆవిడదే. మందుల కంపెనీల వాళ్లూ ఎరువుల కంపెనీల వాళ్లూ ఎక్కువగా దిగేవాళ్లు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఎంత పెద్ద ఆఫీసరునైనా "ఏంటి బాబూ, మీ ఇంట్లో కూడా ఇలాగే చేస్తావా?" అని నిలదీసేది. సిగరెట్లు తాగేవాళ్లు ఆవిడ ఆదివారం చర్చికి వెళ్లేదాకా ఓపిక పట్టేవాళ్లు. అయినా మళ్లీ మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆవిడ కాచే చారు కోసమేనని నా అనుమానం.

కరోనాతో గదులన్నీ ఖాళీ అయ్యాయి. మొదటి ఏడాది ఎలాగో నెట్టుకొచ్చాం. రెండో ఏడాది, ఇక తాళం వేసేద్దామని నేను అక్కకి నచ్చజెబుతున్న రోజుల్లోనే, ఒక పొద్దున పెనుమూడి వైపు నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చారు. మెట్లెక్కకుండా రోడ్డు మీదే నిలబడ్డారు.

"నాకు వచ్చిందండి. ఇంట్లో రెండే గదులు, అమ్మ పెద్దావిడ. ఎక్కడా గది ఇవ్వట్లేదు. దాచిపెట్టి దిగడం ఇష్టం లేక చెప్పేస్తున్నానండి" అన్నారు. లేదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి అక్క, "పైకి రండి మాస్టారూ, చివరి గదిలో గాలి బాగా వస్తుంది" అంది.

సాయంత్రం కింద కొట్లవాళ్లు వచ్చి గొడవ చేశారు. వాళ్లు వెళ్లాక వాళ్లకంటే ఎక్కువ నేనే అరిచాను. "నీకు షుగరుంది. నీకేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అన్నాను. అక్క వంకాయలు తరుగుతూ తల ఎత్తలేదు. "లాడ్జి ఎందుకు పెట్టుకున్నాంరా? ఇంట్లో ఉండటానికి కుదరని వాళ్ల కోసమేగా?" అంది. మర్నాడు పొద్దున్నే, మధ్యాహ్నం కర్ఫ్యూ మొదలయ్యేలోపు, సంచి తగిలించుకుని స్కూటర్ మీద బాపట్ల వెళ్లిపోయాను. మా ఆవిడ తలుపు తీసి, నా వెనక్కి చూసి, "వదినేదీ?" అని అడిగింది.

తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. రోజూ ఫోన్ చేసేవాణ్ణి. మాస్టారి సంగతి విని ఇంకొందరు వచ్చారట, మూడో రోజుకి నాలుగు గదులు, వారం తిరిగేసరికి ఎనిమిదీ నిండిపోయాయట. అన్నిటికీ అక్క ఒక్కతే. గుమ్మం ముందు స్టూలు మీద పళ్లెం పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి జరిగేది. తొమ్మిదో రోజున ఫోన్లో ఆవిడ గొంతు వేరేగా ఉంది. ముందు రోజు మాస్టారికి ఊపిరి అందక అంబులెన్సులో తెనాలి తీసుకెళ్లారు. దక్కలేదు. ఆ పూటే నేను బయల్దేరాను. వెళ్లేసరికి అక్కకి జ్వరం పట్టుకుంది.

వానలు మొదలయ్యాక మాస్టారి భార్య వచ్చింది. చివరి గదిలో మంచం మీద కాసేపు కూర్చుని వెళతానంది. కూర్చుంది. పోతూ పోతూ కౌంటర్ దగ్గర ఆగి నన్నే అడిగింది. "ఇక్కడున్నన్నాళ్లూ ఏం తినేవారండీ? నాతో ఫోన్లో అంతా బాగుందనే అనేవారు." నేను వంటింటి వైపు తిరిగి అక్కని పిలిచాను. అక్క చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"చారన్నం, తల్లీ. మొదట్లో రుచే తెలియట్లేదనేవారు. అంబులెన్సు వచ్చే ముందు రోజు మాత్రం, అమ్మా, వాసన తెలుస్తోంది, ఇంకొంచెం పెట్టండి అన్నారు. తలుపవతల నుంచి మీ పాప గురించి చెప్పేవారు, లెక్కల్లో గట్టిదని."

"అయితే ఆకలితో లేరన్నమాట" అంది ఆవిడ. మెట్లు దిగుతూ ఇంకోసారి తనలో తనే అనుకుంది.

అక్క తేరుకుంది, కానీ మెట్లెక్కితే ఆయాసం. ఊళ్లో మాకు కరోనా లాడ్జి అన్న పేరు పడింది. పాతవాళ్లు చాలామంది వేరే చోట దిగడం అలవాటు చేసుకున్నారు. రెండు గదులు మూసే ఉన్నాయి. ఇప్పుడు కౌంటర్లో అక్క కూర్చుంటోంది, వంట నాది. నా చారు ఆవిడ చారులా ఉండదని వచ్చినవాళ్లు మొహం మీదే చెబుతారు. తాళం వేసేద్దామని మాత్రం నేనిక అనలేదు. ఎవరు దిగినా ఏం తిన్నారో, నిద్ర పట్టిందో లేదో గుర్తు పెట్టుకుంటాను. ఎవరైనా, ఎప్పుడైనా వచ్చి అడగొచ్చు.

ఆ రోజులు పోయాయిలే అంటారందరూ. ఏళ్లయితే గడిచాయి కానీ, బాపట్లలో కూర్చున్న ఆ తొమ్మిది రోజులు నాకింకా గడవలేదు.